కడియం నర్సరీల్లో ఆర్కిడ్లు, ఇండోర్ మొక్కలు: ఏది కొనొచ్చు, ఏది వద్దు

ముందే తేల్చి చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కదా. కడియంలో ఆర్కిడ్ కొనాలంటే డెండ్రోబియం కొనండి. ఇంట్లోకి ఆకుల మొక్కలు కావాలంటే ఆగ్లోనిమా, సింగోనియం, ఆంథూరియం కొనండి, పెట్టిన డబ్బులకి న్యాయం జరుగుతుంది. కానీ పెళ్లి స్టేజీల మీద, హోటల్ రిసెప్షన్‌లో పెడతారే, పొడుగు కాడకి వరసగా పెద్ద పెద్ద తెల్లపూలో గులాబీరంగు పూలో ఉంటాయి, ఆ ఫెలనాప్సిస్ కోసం మాత్రం పనిగట్టుకుని అంత దూరం వెళ్లక్కర్లేదు. అది హైదరాబాద్‌లో కొన్నా విజయవాడలో కొన్నా కడియంలో కొన్నా ఒకటే మొక్క. ఎందుకో చెప్తా, కొంచెం పెద్ద కథ.

తెలియనివాళ్ల కోసం: కడియం అంటే తూర్పు గోదావరి జిల్లాలో రాజమండ్రికి పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం, ఈ ఊళ్లన్నీ కలిపి జనం కడియం నర్సరీలు అనేస్తారు. 16వ నెంబర్ జాతీయ రహదారి మీద వేమగిరి దాటాక రోడ్డుకి రెండువైపులా మొక్కలే, లోపలికి వెళ్తే కాలవగట్టు పొడవునా మొక్కలే, వందల నర్సరీలు ఉన్నాయి. గోదావరి కాలవ నీళ్లు, ఒండ్రుమట్టి, ఉక్కపోత, ఈ మూడూ ఉన్నచోట పుల్ల గుచ్చినా చిగురేస్తుంది మరి. కొత్త సంవత్సరానికీ జెండా పండక్కీ మొక్కలతోనే అక్షరాలూ బొమ్మలూ పేర్చి పేపర్లో ఫొటోలు వేయించుకుంటారు, చూసే ఉంటారు. నేను ఆ వైపు దాన్నే, ఇప్పుడుండేది హైదరాబాద్‌లో, కాబట్టి పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ ఒక అట్టపెట్టె నిండా మొక్కలు తెచ్చుకోవడం అలవాటు, మా ఆయన దీని గురించి ఏమంటారో ఇక్కడ రాయను.

మొదట అక్కడి పద్ధతి అర్థం చేసుకోవాలి. ఇది ప్రధానంగా హోల్‌సేల్ వ్యాపారం. లారీలు వేరే రాష్ట్రాలకి లోడు ఎత్తుకుని వెళ్తుంటాయి. మీరు లోపలికి వెళ్లగానే "ఎన్ని కావాలండి?" అని అడుగుతారు, "ఒకటేనండి" అంటే పెద్ద నర్సరీల్లో మొహం కొంచెం మారుతుంది, తప్పుపట్టడానికేం లేదు, వాళ్ల లెక్క వందల్లో ఉంటుంది. ఒకటీ రెండూ కొనుక్కునేవాళ్లు రోడ్డు పక్కన చిన్న నర్సరీలకి వెళ్లడమే హాయి, అక్కడ ఓపిగ్గా చూపిస్తారు, బేరం ఆడనిస్తారు, కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇస్తారు. ఇండోర్ మొక్కలు, ఆర్కిడ్లు అన్ని చోట్లా ఉండవు, కొన్ని నర్సరీలు మాత్రమే షేడ్ నెట్ (నీడ కోసం కట్టే వల) కట్టి విడిగా పెడతాయి, అవి ఎక్కడున్నాయో ఆటో డ్రైవర్లకి బాగా తెలుసు. రాజమండ్రిలో ఆటో ఎక్కి "ఇండోర్ మొక్కలండి, పూలమొక్కలు కాదు" అని చెప్తే సరైన చోటే దింపుతారు.

ఇప్పుడు ఆర్కిడ్ల సంగతి.

ఒక నర్సరీలో ముందువరసలో ఫెలనాప్సిస్‌లు పెట్టారు, ఒక్కోటి ఎనిమిది వందలు, పూలు నిండుగా, చూస్తే ఎవరికైనా చెయ్యి ముందుకెళ్తుంది. నేను ఆ నర్సరీ ఆయన్ని అడిగింది ఒకటే, "బాబాయ్ గారూ, ఇది ఇక్కడే పెరిగిందాండి?" అని. ఆయన దాచలేదు. "లేదమ్మా, పుణె సైడు నుంచి పూలతోనే దిగుతాయి, మేం అమ్మడమే, ఇక్కడ దాన్ని మళ్లీ పూయించడం కష్టమండి ఆయ్" అన్నారు. ఈ ఒక్క జవాబుకి ఆ నర్సరీకి నేను ఫుల్ మార్కులు ఇస్తా. ఎందుకంటే అసలు విషయం అదే. ఫెలనాప్సిస్ కొత్త పూలకాడ వెయ్యాలంటే కొన్ని వారాలపాటు చల్లటి వాతావరణం కావాలి, ముఖ్యంగా రాత్రి పూట 16, 18 డిగ్రీల దగ్గరకి దిగితే బాగా వేస్తుంది. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో, పెద్ద ఫ్యాన్లు పెట్టి, తడి ప్యాడ్ల మీంచి గాలి లాగి, ఆ చల్లదనం కావాలని సృష్టిస్తారు. గోదావరి జిల్లాలో ఆ చలి కొద్దిరోజులే, అది కూడా సంక్రాంతి ముందర. అందుకే కోస్తాలో ఇళ్లల్లో ఫెలనాప్సిస్ ఆకులతో పచ్చగా సంవత్సరాలు బతుకుతుంది కానీ పువ్వు వెయ్యడానికి మొరాయిస్తుంది.

తమాషా ఏంటంటే ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లం అదృష్టవంతులం. డిసెంబర్, జనవరిలో మనకి రాత్రి ఉష్ణోగ్రత 14, 15కి దిగుతుంది కదా, ఆ టైములో ఫెలనాప్సిస్‌ని గదిలో దాచకుండా తూర్పు బాల్కనీలో ఎండ నేరుగా పడని చోట వదిలేస్తే ఆకు మొదట్లోంచి కొత్త కాడ పొడుచుకొస్తుంది, ఫిబ్రవరి మార్చికల్లా పూలు. మా ఇంట్లో ఉన్నది అలాగే పూస్తోంది. కాబట్టి పువ్వు కోసం ఫెలనాప్సిస్ పెంచాలంటే హైదరాబాద్, బెంగళూరు బెటరు, కొనడం కూడా అక్కడే కొనుక్కోండి, రైల్లో మొగ్గలు రాల్చుకుంటూ తేవడం ఎందుకు. దూరప్రయాణంలో గాలి తేడా, వేడి తేడా తగిలితే విచ్చుకోని మొగ్గలు పసుపెక్కి టపటపా రాలిపోతాయి, మొక్కకి రోగం ఏం కాదు, కానీ ఎనిమిది వందలు పెట్టినవాళ్లకి ప్రాణం ఉసూరుమంటుంది.

నీలంరంగు ఫెలనాప్సిస్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. కరెంటు నీలం, ఇంకుసీసాలో ముంచినట్టు ఉంటుంది. అది నిజంగానే ఇంకు లాంటిదే, తెల్లపూల మొక్క కాడలోకి రంగు ఎక్కిస్తారు. కాడమీద చిన్న రంధ్రం, దాని చుట్టూ నీలం మరక కనపడుతుంది చూడండి. వచ్చే ఏడాది పూసేవి తెల్లపూలే. తెలిసి కొంటే మీ ఇష్టం, కానీ మామూలుదానికంటే మూడొందలు ఎక్కువ పెట్టి, అరుదైన రకం అన్న మాట నమ్మి కొనకండి. ఇది ఏ ఊళ్లో అయినా అమ్ముతున్నారు, ఒక్క కడియంని అనడం లేదు.

డెండ్రోబియం దగ్గరికి వస్తే కథ మొత్తం మారిపోతుంది. బొకేల్లో వస్తాయే ఊదారంగు, తెలుపు కలిసిన సన్నపూలు, థాయిలాండ్ నుంచి పెట్టెలకి పెట్టెలు దిగుమతి అవుతాయి, ఆ జాతి. దీనికి వేడి కావాలి, ఉక్క కావాలి, ఫెలనాప్సిస్‌కంటే వెలుతురు కూడా ఎక్కువ కావాలి, మనకి ఈ మూడూ దేవుడు ధారాళంగా ఇచ్చాడు. కడియంలో షేడ్ నెట్ కింద నెలల తరబడి అదే గాలి పీల్చి పెరిగిన మొక్క కాబట్టి మన ఇంటికి వచ్చాక పెద్దగా అలగదు. ధర కూడా హైదరాబాద్‌కంటే బాగా తక్కువ, పూలున్నది మూడు నాలుగు వందల్లో వస్తుంది, పూలు అయిపోయింది అయితే ఇంకా తగ్గిస్తారు, తెలివైనవాళ్లు ఆ పూలు అయిపోయినవే ఏరుకుంటారు.

ఎలా ఏరాలంటే, పువ్వుని చూడొద్దు, కాడల్ని చూడండి. డెండ్రోబియంకి చెరుకు గడల్లాంటి కాడలుంటాయి, అవి నీళ్లూ తిండీ దాచుకునే గోడౌన్లు. గట్టిగా బొద్దుగా ఉండాలి, నాలుగైదు కాడలుండాలి, అన్నిటికంటే ముఖ్యం మొదట్లోంచి ఒక కొత్త పిలక వస్తూ ఉండాలి. ఆ పిలక ఉంటే మొక్క మీ ఇంట్లో కొత్త వేర్లు తొడుక్కుంటుంది, లేకపోతే నెలలు నెలలు అలా నిలబడి చూస్తుంటుంది. ఆకులు రాలిపోయిన ముసలి కాడలున్నాయని వద్దనకండి, ఇంటికి తెచ్చాక వాటిని కోసెయ్యకండి కూడా, పచ్చగా ఉన్నంతకాలం అవి కొత్త పిలకలకి తిండి పెడుతూనే ఉంటాయి, ఒక్కోసారి ఆ బోడి కాడ చివరే మళ్లీ పువ్వు వేస్తుంది. కుండీ పట్టుకుని మెల్లగా ఊపండి, మొక్క బొత్తిగా ఊగిసలాడుతుంటే వేర్లు లేవన్నమాట, నిన్నో మొన్నో విడగొట్టి పెట్టారు, వదిలెయ్యండి.

ఒక నర్సరీ మీద మాత్రం నాకు కోపం ఉంది, పేరు ఎందుకులే. పసుపురంగు డెండ్రోబియం అని ఫొటో ట్యాగు తగిలించి పూలు లేని మొక్క ఇచ్చారు, పసుపుకి వంద ఎక్కువ. పూశాక చూస్తే మామూలు ఊదారంగు. ఫోన్ చేస్తే "ట్యాగులు కుర్రాళ్లు మార్చేసుంటారమ్మా, ఈసారి వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. మొక్క ఆరోగ్యంగా ఉంది, పూలూ బావున్నాయి, కానీ పసుపు కాదు కదా. కాబట్టి ప్రత్యేకమైన రంగు కావాలంటే ఒక్క పువ్వయినా విచ్చుకుని ఉన్నది కొనండి, ట్యాగుని నమ్మి ఎక్కువ డబ్బులు ఇవ్వకండి.

మీడియం గురించి, అంటే కుండీలో మట్టి బదులు నింపేదాని గురించి, ఒక మాట, ఎందుకంటే ఇక్కడ కడియం వాళ్లది నాకు చాలా నచ్చింది. ఆర్కిడ్‌కి మట్టి వద్దు, ఇవి అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరిగే జాతులు. మన తూర్పు కనుమల్లో కూడా ఉన్నాయి, వాండా టెస్సెల్లాటా అని, చెట్టు కొమ్మ బెరడుకి వేర్లు అతికించుకుని బతికేస్తుంది. ఆ వేర్ల మీద స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది, తడిసినప్పుడు ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనపడుతుంది, నీళ్లు ఎప్పుడు పొయ్యాలో ఆ రంగే చెప్పేస్తుంది. కడియంలో డెండ్రోబియంని బొగ్గులు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వేసిన కుండీల్లో పెడుతున్నారు, పక్కల చిల్లులున్న చిన్న మట్టికుండీ. ఇదే కరెక్టు. ఆన్‌లైన్‌లో ఆర్కిడ్ మిక్స్ అని కిలో మూడొందలకి అమ్మేదాంట్లో ఉండేది కూడా చాలావరకు ఇవే, పైన కొంచెం పైన్ బెరడు. మీ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర కర్రబొగ్గు పది రూపాయలకి దోసెడు ఇస్తాడు, ఇల్లు కడుతున్నచోట ఇటుక ముక్కలు ఊరికే దొరుకుతాయి, కొబ్బరి డొక్క ఇంట్లోనే ఉంటుంది, దాన్ని రెండుమూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు పోగొట్టాలి, అంతే. బొగ్గు మాత్రం కర్రబొగ్గే, గ్రిల్లు పొయ్యిలోకి అమ్మే అచ్చుపోసిన బొగ్గుబిళ్లలు వద్దు, అవి నీళ్లు తగిలితే పిండైపోతాయి.

ఫెలనాప్సిస్‌కి మాత్రం ఎక్కడ కొన్నా ఒక చిక్కుంది. అది పాచి మీద వస్తుంది, స్ఫాగ్నమ్ మాస్ అంటారు, దాన్ని గట్టిగా కుక్కి పెడతారు. పాలీహౌస్‌లో గాలి ఆడుతుంది కాబట్టి సరిపోతుంది, మన హాల్లో ఆ పాచి వారం పదిరోజులు లోపల తడిగానే ఉండిపోయి వేర్లు కుళ్లిపోతాయి. పైగా గిఫ్టు కోసం చిల్లు లేని సిరామిక్ కుండీలో దింపి ఇస్తారు, అడుగున నీళ్లు నిలుస్తాయి, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పూలు రాలాక పాచి మొత్తం తీసేసి, మెత్తబడిన వేర్లు కత్తిరించి, బెరడూ బొగ్గూ వేసి పక్కల చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలోకి మార్చండి. వేర్లు కనపడుతుంటే సగం పని అయిపోయినట్టే. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దొచ్చు, ఫంగస్ రాకుండా ఆపుతుంది, కానీ బాగున్న వేర్ల మీద చల్లకండి, ఎండబెట్టేస్తుంది. నీళ్లు పోసేటప్పుడు నడినెత్తిన ఆకుల మధ్య నిలవకుండా చూడాలి, నిలిస్తే టిష్యూతో అద్దెయ్యండి, లేకపోతే మొవ్వు కుళ్లుతుంది, దీనికి మొవ్వు పోయిందంటే మొక్క పోయినట్టే లెక్క.

న్యూజెర్సీలో ఉండే మా చెల్లి ట్రేడర్ జోస్ అనే సూపర్‌మార్కెట్‌లో ఫెలనాప్సిస్ కొని, వారానికి మూడు ఐసు ముక్కలు వెయ్యమని దాంట్లో రాసుందక్కా అంటే నేను నవ్వా, కానీ ఒహాయో స్టేట్, జార్జియా యూనివర్సిటీల వాళ్లు ఇది నిజంగానే పరీక్ష చేసి చూసి 2017లో పేపరు వేశారు, బెరడులో పెట్టిన ఫెలనాప్సిస్‌కి ఐసువల్ల నష్టం కనపడలేదని. అక్కడ హీటర్ వేసిన ఇంట్లో, నీళ్లు ఎక్కువ పోసి చంపే జనానికి అదొక కొలత, అంతవరకే. మన ఎండాకాలంలో మూడు ఐసు ముక్కలు ఎటూ చాలవు, పదిహేను నిమిషాలు బకెట్లో కుండీ ముంచి తీసి వార్చెయ్యడమే మంచిది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. కడియంలో మొక్కలు కాలవనీళ్లు తాగి పెరుగుతాయి, హైదరాబాద్ తెచ్చి బోరునీళ్లు పోస్తే మార్పు తెలుస్తుంది. కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకోవడం, వేరు చివర్లు నల్లబడటం, కలాతియా అనే ఇండోర్ మొక్క ఆకుల అంచులు మాడటం, చాలాసార్లు ఇదే కారణం. వానాకాలంలో డాబా మీద రెండు బకెట్లు పెడితే వాననీళ్లు, మిగతా కాలంలో ఏసీ పైపులోంచి వచ్చే నీళ్లు పనికొస్తాయి, వాటిలో లవణాలు ఉండవు. ఆర్వో ఫిల్టర్ నుంచి పక్కకి వదిలేసే వేస్టు నీళ్లు మాత్రం అస్సలు వద్దు, బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి దాంట్లోనే ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదని చాలామంది మొక్కలకే పోస్తున్నారు, ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఎరువు కోసం కడియంలో చిన్న సీసాల్లో రంగునీళ్లు అమ్ముతారు, నేను కొనలేదు. పురుగుమందుల షాపులో రైతులు కొనే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కిలో ప్యాకెట్ తెచ్చుకోండి, లీటరుకి అర గ్రాము కలిపి వారానికోసారి, అది కూడా మొక్క పెరుగుతున్న కాలంలోనే, ముందు మామూలు నీళ్లు పోశాక. కిలో తెస్తే బాల్కనీ మొక్కలకి ఏళ్లు వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, పులిసిన మజ్జిగ లాంటివి ఆర్కిడ్‌కి పొయ్యకండి, బొగ్గుముక్కల మధ్య అవి పులిసి చిన్న చిన్న దోమల్లాంటి ఈగలు చేరతాయి.

ఇంక ఆకుల మొక్కలు. కడియంలో నాకు అన్నిటికంటే లాభసాటిగా అనిపించేది ఆగ్లోనిమా. ఎరుపు, గులాబీ, చుక్కలవి, హైదరాబాద్‌లో ఆరేడు వందలు చెప్పేవి అక్కడ రెండొందల యాభై దగ్గర తేలాయి. ఎర్రరకాలకి కిటికీ దగ్గర వెలుతురు కావాలి, చీకటి మూల పెడితే రంగు వెలిసి పచ్చగా అయిపోతాయి, పచ్చరకాలైతే మూలన కూడా సర్దుకుపోతాయి. ఆంథూరియం కూడా బావుంది, పిలకలతో గుబురుగా ఉన్నవి ఇచ్చారు. జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఎక్కడైనా దొరుకుతాయి, ధరలో పెద్ద తేడా లేదు. మాన్‌స్టెరా మాత్రం చిన్న మొక్కలకే ఎక్కువ చెప్పారు, దాని అందమంతా ఆకుల్లో పడే కోతల్లోనే, అవి కూడా ఇంకా పడలేదు, వదిలేశా. కలాతియా కొనొద్దని అననుగానీ ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ పొడిగాలికి అది తట్టుకోలేదు, కూలర్ గాలి తగిలే గదిలో కొంత నయం, ఏసీ గదిలో ఇంకా ఘోరం.

మట్టి సంగతి చూసుకోండి. బయట పెట్టే మొక్కలు, మందారాలు, నిమ్మచెట్లు లాంటివి బంకమట్టి ముద్దతో ఇస్తారు, లారీలో మట్టి విడిపోకుండా ఉండటానికి అది వాళ్లకి అవసరం. ఇండోర్వి ఎక్కువగా కోకోపీట్‌లోనే (కొబ్బరి పీచు పొట్టు) ఉంటాయి కానీ కొన్ని చిన్న నర్సరీల్లో మనీప్లాంట్, పీస్ లిల్లీ కూడా ఆ బంకమట్టిలోనే పెట్టి ఇస్తున్నారు. ఇంట్లో ఆ ముద్ద పైన ఎండి బీటలేసినా లోపల తడిగానే ఉంటుంది. తెచ్చిన వెంటనే మార్చొద్దు, రెండు వారాలు కుదురుకోనిచ్చి అప్పుడు మార్చండి.

అమ్మేవాళ్ల మాటల్లో నాకు చిరాకు తెప్పించేది ఒకటే, ప్రతిదీ ఆక్సిజన్ మొక్కే. "నాసా వాళ్లు చెప్పారండి, గదిలో ఒకటి పెడితే గాలి మొత్తం శుభ్రమైపోతుందండి." నాసా 1989లో చేసింది నిజమే, కానీ మూసేసిన చిన్న గాజు పెట్టెల్లాంటి గదుల్లో చేశారు. తర్వాత 2019లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీవాళ్లు అలాంటి పరీక్షలన్నీ లెక్కేస్తే, మామూలు ఇంట్లో బయటి గాలి వచ్చి పోతూ మారినంత ప్రభావం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అంటే మనం బయట పడుకోవాలి. అందంగా ఉందని కొనండి, పచ్చగా ఉంటే మనసుకి బావుంటుందని కొనండి, చాలదా? దాని బదులు చెప్పాల్సిన విషయం మాత్రం ఎవరూ చెప్పరు: ఆగ్లోనిమా, డిఫెన్‌బాకియా, మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, వీటి ఆకు పిల్లలు నమిలితే నోరు మండి వాస్తుంది, సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పాకే పిల్లలున్నా, పిల్లీ కుక్కా ఉన్నా ఎత్తులో పెట్టండి. ఫెలనాప్సిస్‌తో ఆ భయం లేదు, దానికి ఈ విషయంలో మార్కులు కలపాలి.

పురుగుల విషయంలో కడియంకి యావరేజ్ మార్కులే. అంత పెద్దసంఖ్యలో మొక్కలుంటే ఉండకుండా ఎలా ఉంటాయి. ఆకు వెనక్కి తిప్పి, ఆకు కాడకి అంటుకునే సందులో చూడండి, దూది అంటించినట్టుంటే పిండినల్లి, గోధుమరంగు బొడిపెలుంటే పొలుసు పురుగు. ఆర్కిడ్ కుండీ చిల్లుల్లో చిన్న నత్తలుంటాయి, రాత్రిపూట బయటికొచ్చి వేరు చివర్లు, లేత మొగ్గలు కొరుకుతాయి. ఇంటికొచ్చాక కొత్త మొక్కల్ని కనీసం రెండు వారాలు పాతవాటికి దూరంగా ఉంచండి, కుండీని ఒకసారి బకెట్ నీళ్లలో అరగంట ముంచితే నత్తలు, చీమలు పైకి వచ్చేస్తాయి. పిండినల్లి కనపడితే వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, కొంచెం లిక్విడ్ సోపు, సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ప్యాకింగ్ బాగా చేస్తారు, దీనికి అడక్కుండానే మార్కులు వేస్తా. కుండీ అడుగు కాగితంతో చుట్టి, కాడలకి పుల్లలు కట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి చిల్లులు పొడిచి ఇచ్చారు, యాభై రూపాయలు తీసుకున్నారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బెర్తు కింద పెట్టుకుని వచ్చా, ఒక్క కాడ విరగలేదు. ప్రయాణానికి ముందురోజు నీళ్లు పొయ్యొద్దని చెప్పండి, తడి కుండీ బరువు, పైగా నీళ్లు కారి పక్కవాళ్ల బ్యాగులు తడుస్తాయి, తిట్లు మనకి. పార్సిల్ పంపుతామని కొందరు నెంబరిస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యయితే సరే, ఏప్రిల్, మే నెలల్లో లారీ ఆఫీసు రేకుల షెడ్డులో రెండు రోజులు పెట్టెలో ఉడికిన మొక్క మీకు అందుతుంది, అప్పుడు నర్సరీవాళ్లని అని లాభం లేదు.

వెళ్లడానికి కూడా ఆ చలికాలమే మంచిది, పొద్దున్న ఎనిమిదింటికల్లా ఉంటే ఎండెక్కేలోపు అన్నీ తిరిగెయ్యొచ్చు, డిసెంబర్ చివర, సంక్రాంతి రోజుల్లో మాత్రం సెల్ఫీల జనంతో రోడ్డు జామ్ అవుతుంది. ధరలు ఎక్కడా రాసి ఉండవు, ఇది పెద్ద మైనస్, ఒకే మొక్కకి పక్కపక్క నర్సరీల్లో వంద తేడా చెప్పారు, కాబట్టి మొదటిచోటే కొనెయ్యకండి.

ఈసారి ఒకచోట వాండాలు కూడా చూశా, చెక్కబుట్టల్లో, మట్టీ బొగ్గూ ఏమీ లేకుండా, వేర్లు బారెడు కిందకి వేలాడుతూ, పదిహేను వందలు చెప్పారు. అవి వేసవిలో రోజుకి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు వేర్లు పూర్తిగా తడపాలి. పండక్కి ఇంటికి తాళం వేసి వారం ఊరెళ్లే మాలాంటివాళ్లకి కుదరదు, రోజూ పొద్దున్నే పైపు పట్టుకునే ఓపిక, డాబా మీద షేడ్ నెట్ ఉన్నవాళ్లు మాత్రం అడిగి చూడండి, వెయ్యికి ఇస్తారు.